సైకిలుకీ ఆది కొలతలుంటాయి

విశాఖ ఆర్కే బీచి దగ్గర బయల్దేరి, రుషికొండ దాటి, తొట్లకొండ పక్కనుంచి భీమిలి దాకా తొక్కుకుంటూ వెళ్లి, మళ్లీ వెనక్కి రండి. నింపాదిగా తొక్కితే రెండున్నర గంటల పని. పెడలు నిమిషానికి 80 చుట్లు తిరుగుతుందనుకుందాం. గంటకి 4,800 చుట్లు. రెండున్నర గంటలకి 12,000. అంటే ఆ ఒక్క పొద్దునే ఒక్కో మోకాలు పన్నెండు వేల సార్లు ముడుచుకుని, పన్నెండు వేల సార్లు చాచుకుంది. సీటు ఉండాల్సిన ఎత్తుకన్నా రెండు వేళ్ల మందం కిందికి ఉందనుకోండి, ఆ తేడా కూడా అన్నిసార్లూ మోకాలి మీద పడింది. ఒకసారి పడితే ఒళ్లు పట్టించుకోదు. పన్నెండు వేల సార్లు పడితే మర్నాడు మేడ మెట్లు దిగేటప్పుడు చెబుతుంది.

మా మనవడు ఈమధ్య రోడ్ బైకు కొన్నాడు. సన్నటి టైర్లు, ముందుకెళ్లి కిందికి వంపు తిరిగిన హ్యాండిలు, ఒంటిచేత్తో ఎత్తేంత తేలిక. కొత్త మోజు తీరకముందే సాయంత్రాలు నా పక్కన చేరి నడుం నొక్కమనడం మొదలుపెట్టాడు. "అందరికీ మొదట్లో ఇంతేనట తాతయ్యా, అలవాటైతే పోతుందట" అన్నాడు.

ఒరే బాబూ, అలవాటైతే పోయే నొప్పి ఒకటుంది, అలవాటు చేసుకోకూడని నొప్పి ఇంకోటుంది. కొత్తగా పని చెప్పిన కండరం నొప్పి రెండు కాళ్లలోనూ ఉంటుంది, కండ పొడుగునా ఉంటుంది, రెండుమూడు రోజుల్లో దానంతటదే దిగిపోతుంది. దానికి భయపడక్కర్లేదు. కీలు నొప్పి అలా కాదు. వేలు పెట్టి చూపించగలిగేంత చోటులో ఉంటుంది, ఎప్పుడొచ్చినా అక్కడే వస్తుంది. ఇక మూడోది తిమ్మిరి. చేతివేళ్లలో గానీ, సీటు మీద ఆనే చోట గానీ తిమ్మిరెక్కిందంటే అక్కడ నరం నలుగుతోందని అర్థం. నలగడం నరానికి ఎప్పటికీ అలవాటు కాదు. కాబట్టి మొదటి రకం నొప్పికి నువ్వు ఓర్చుకో. మిగతా రెండిటికీ మారాల్సింది సైకిలు, నీ ఒళ్లు కాదు.

విశాఖపట్నానికి సైకిలు కొత్తా? 1933లో పోర్టు తెరిచారు. 1941లో సింధియా కంపెనీ వారి ఓడల కర్మాగారానికి పునాదిరాయి పడింది. ఆ తరవాత రిఫైనరీ, బీహెచ్‌పీవీ, ఆఖరున ఉక్కు కర్మాగారం. ఇది షిఫ్టుల ఊరు. షిఫ్టు మారే వేళ మల్కాపురం, గాజువాక, కూర్మన్నపాలెం రోడ్ల మీద సైకిళ్లు బారులు తీరేవి, వెనక క్యారియరు మీద అన్నం క్యారేజీ. హీరో, అట్లాస్, ర్యాలీ, హెర్క్యులిస్. వాటి మీద ఏళ్ల తరబడి డ్యూటీకి వెళ్లినవాళ్లెవరికీ సీటు మిల్లీమీటర్లలో కొలవాలన్న ఆలోచన రాలేదు. రానక్కర్లేదు కూడా, ఎందుకంటే ఆ సైకిలు లెక్కే వేరు.

ఆ సైకిలు మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు. సీటు గొట్టం బాగా వెనక్కి వాలి ఉంటుంది, హ్యాండిలు చేతుల దగ్గరికే వస్తుంది. బరువు దాదాపు అంతా సీటు మీదే. అందుకే ఆ సీటు వెడల్పుగా ఉండి, కింద స్ప్రింగులుంటాయి. చేతులకి మోసే పని లేదు, తిప్పే పనే. ఇంటి నుంచి గేటు దాకా నాలుగైదు కిలోమీటర్లు, గంటకి పన్నెండు, పదిహేను కిలోమీటర్ల వేగం. ఆ దూరానికి, ఆ వేగానికి అది చక్కటి సైకిలు. ఇప్పటికీ దానికి సాటి లేదని నా అభిప్రాయం.

రోడ్ బైకు చేసింది దూరాలకీ, వేగానికీ. సీటు గొట్టం 73 డిగ్రీలకి అటూ ఇటూగా నిక్కి ఉంటుంది. హ్యాండిలు దూరం, కింద. మనిషి ముందుకి వంగాలి. వంగాడంటే బరువు మూడు చోట్లకి పంపకమవుతుంది: సీటు, పెడళ్లు, హ్యాండిలు. ఈ పంపకం సరిగ్గా కుదిరితే నాలుగు గంటలు తొక్కినా హాయిగా ఉంటుంది. కుదరకపోతే ఎవరి మీద ఎక్కువ భారం పడిందో ఆ భాగం గోల పెడుతుంది.

అసలు వంగడమెందుకు అంటావా? గాలి వల్ల. గాలి మనల్ని వెనక్కి నెట్టే బలం వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. ఆ బలాన్ని ఎదిరిస్తూ అదే వేగంతో పోవడానికి కాళ్లు ఇవ్వాల్సిన శక్తి ఎనిమిదింతలవుతుంది. షిఫ్టుకి వెళ్లే వేగంలో గాలి పెద్దగా లెక్కలోకి రాదు. గంటకి 30 కిలోమీటర్లు దాటాక కాళ్ల కష్టంలో సింహభాగం గాలికే పోతుంది. అందులోనూ గాలికి ఎక్కువగా అడ్డం పడేది సైకిలు కాదు, దాని మీద కూర్చున్న మనిషి ఛాతీ.

మన బీచి రోడ్డు మీద ఈ పాఠం రోజూ నడుస్తుంది. మన తీరం సూటిగా ఉత్తరానికి పోదు, నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంటుంది. వేసవి నుంచి వానాకాలం దాకా గాలి ఎక్కువగా నైరుతి నుంచే, తీరం వెంబడే వీస్తుంది. అందుకని భీమిలి వైపు వెళ్లేటప్పుడు గాలి వీపు తడుతుంది. ఈవేళ కాళ్లలో భలే సత్తువ ఉందే అనిపిస్తుంది. తిరుగుముఖం పట్టాక తెలుస్తుంది అసలు సంగతి. నువ్వు గంటకి 20 కిలోమీటర్ల వేగంతో వస్తున్నావు, ఎదురుగాలి 15. నీ ఛాతీకి తగిలే గాలి వేగం 35. ముప్ఫై అయిదుని ఇరవైతో భాగించి వర్గం చెయ్, మూడు దాటుతుంది. గాలి లేని రోజుకన్నా మూడు రెట్ల బలం నిన్ను వెనక్కి నెడుతోంది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే తల వంచుతావు, మోచేతులు మడుస్తావు.

ఈ వంగడం ఎంత పని చేస్తుందో లోకమంతా చూసిన రోజొకటుంది. 1989 టూర్ ద ఫ్రాన్స్ ఆఖరి రోజు, వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు ఒక్కొక్కరూ విడివిడిగా గడియారంతో పోటీ. అమెరికావాడు గ్రెగ్ లెమాండ్ హ్యాండిలుకి ముందుకి చాచిన పొడిగింపు కడ్డీలు బిగించుకుని, మోచేతులు దగ్గరికి చేర్చి, వీపు బల్లపరుపుగా పెట్టి తొక్కాడు. అతనికన్నా 50 సెకన్లు ముందున్న ఫ్రెంచివాడు లారెంట్ ఫిన్యోన్ మామూలు పద్ధతిలో, హెల్మెట్ లేకుండా తొక్కాడు. మూడు వేల పైచిలుకు కిలోమీటర్ల పోటీలో లెమాండ్ చివరికి ఎనిమిదే ఎనిమిది సెకన్ల తేడాతో గెలిచాడు.

అయితే ఒక మాట. లెమాండ్ ఆ భంగిమలో ఉన్నది 27 నిమిషాలు. అతని వెన్నూ, తొడ వెనక కండరాలూ ఏళ్ల సాధనతో అందుకు తయారైనవి. నువ్వు పొద్దస్తమానం కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చుని, ఆదివారం పొద్దున్న రెండున్నర గంటలు సైకిలెక్కేవాడివి. పోటీల ఫొటోలు చూసి హ్యాండిలు అంత కిందికి దించుకుంటే నడుం పట్టేయక ఏం చేస్తుంది? వంగడం తుంటి దగ్గర జరగాలి, నడుం దగ్గర కాదు. తొడ వెనక కండరాలు బిర్రుగా ఉన్నవాళ్లకి తుంటి ముందుకి తిరగదు. అది తిరగనప్పుడు మిగతా వంపంతా నడుమే తెచ్చుకోవాలి. నించుని మోకాళ్లు మడవకుండా కాలివేళ్లు అందుకోలేనివాళ్లు హ్యాండిలుని ఎత్తుగానే పెట్టుకోవడం మంచిది. నెమ్మదిగా ఒళ్లు సాగాక దించుకోవచ్చు. దించుకోకపోయినా నష్టం లేదు, భీమిలి ఎక్కడికీ పోదు.

సరే, ఇప్పుడు కొలతలకి వద్దాం. సైకిలు పుట్టిన కొత్తలో కాలి కొలత తీసుకోకుండా సైకిలు అమ్మడమే కుదిరేది కాదు. పెద్ద ముందుచక్రం, చిన్న వెనకచక్రం ఉన్న పాత సైకిలు బొమ్మ చూసే ఉంటావు. దాని పెడళ్లు నేరుగా ముందుచక్రం ఇరుసుకే ఉండేవి. కాబట్టి కాలు ఎంత పొడుగైతే అంత పెద్ద చక్రం. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రోవర్ అనే సైకిలు తెచ్చాడు. రెండు చక్రాలూ ఇంచుమించు సమానం, వెనకచక్రానికి చైను. దాంతో చక్రానికీ కాలికీ ముడి తెగిపోయింది. సీటు పైకీ కిందికీ జరిపితే ఒకే సైకిలు చాలామందికి సరిపోతుంది. పెద్ద సౌకర్యమే. కానీ జరిపే వీలుంది కదా అని సరిగ్గా జరపడం మానేశాం.

దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఒక గోడ, గట్టి అట్ట పుస్తకం, పెన్సిలు, టేపు. చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆనించి నించో. పాదాల మధ్య జానెడు ఎడం. పుస్తకం వీపు పైకి వచ్చేలా కాళ్ల మధ్య పెట్టుకుని, ఒక అంచు గోడకి ఆనించి, పైకి గట్టిగా అదుము. సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి ఉంటుందో అంత. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద ఇంకొకరి చేత గీత పెట్టించు. నేల నుంచి ఆ గీత దాకా కాలి లోపలి పొడుగు. మూడుసార్లు కొలిచి సగటు తీసుకుంటే మంచిది, పుస్తకం కాస్త వంకరపోయినా సెంటీమీటరు తేడా వస్తుంది.

ఇప్పుడు లెక్క. నీ కాలు 80 సెంటీమీటర్లు అనుకో. లెమాండ్ తన గురువు సిరిల్ గిమార్ దగ్గర నేర్చుకున్న పద్ధతిలో దాన్ని 0.883తో హెచ్చవేస్తారు. 70.6 వస్తుంది. పెడళ్ల ఇరుసు నడిబొడ్డు నుంచి సీటు గొట్టం వెంబడి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు అది. ఇంకో దారి ఉంది. 1967లో హామ్లీ, థామస్ అనే ఇద్దరు ఇంగ్లండు పరిశోధకులు రకరకాల ఎత్తుల్లో మనుషుల చేత తొక్కించి చూసి, కాలి పొడుగులో 109 శాతం ఎత్తు బాగా పనిచేస్తుందని తేల్చారు. వాళ్లది పెడలు కిందికి వచ్చినప్పుడు దాని ఇరుసు దగ్గర నుంచి కొలిచే ఎత్తు. 80కి 109 శాతం 87.2. అందులో పెడల్ కాడ పొడుగు 17 సెంటీమీటర్లు తీసెయ్, 70.2. చూశావా, వేర్వేరు దారుల్లో బయల్దేరిన ఇద్దరూ నాలుగు మిల్లీమీటర్ల తేడాలో కలుసుకున్నారు. ఇలాంటిచోటే నాకు లెక్క మీద ప్రేమ పుట్టుకొస్తుంది.

కానీ లెక్క తెచ్చేది గుమ్మం దాకానే. బూటు అడుగు మందం, పాదం పొడుగు, తొక్కేటప్పుడు మడమ వంచే అలవాటు ఇవేవీ ఆ సూత్రానికి తెలియవు. అందుకే లెక్క ప్రకారం బిగించాక మోకాలిని అడగాలి. సైకిలుని గోడకి ఆనించి ఎక్కి కూర్చో, పెడలు అట్టడుగుకి తెచ్చి మడమ దాని మీద పెట్టు. కాలు అప్పుడే తిన్నగా చాచుకోవాలి, తుంటి పక్కకి ఒరగకూడదు. పాదం ముందుభాగం పెడలు మీదికి మార్చగానే మోకాలు కొద్దిగా వంగుతుంది. పక్కనుంచి ఫోనుతో ఫొటో తీయించి కోణం చూసుకో. తిన్నగా ఉన్న కాలి నుంచి 25, 35 డిగ్రీల మధ్య వంపు ఉంటే క్షేమం. సీటు సెంటీమీటరు జరిగితే ఈ వంపు అయిదు డిగ్రీల దాకా మారిపోతుంది, అందుకని జరిపేది రెండుమూడు మిల్లీమీటర్ల చొప్పునే.

మోకాలు ముందువైపు, చిప్ప చుట్టూ నొప్పైతే సీటు కిందికి ఉందని మొదటి అనుమానం. ముడుచుకుని ఉన్న మోకాలి మీద బలం పెడితే చిప్ప తొడ ఎముకకి గట్టిగా అదుముకుంటుంది. మోకాలు వెనక లాగుతుంటే సీటు మరీ పైకి ఉందేమో చూడు. వెనక వస్తున్నవాళ్లని అడుగు, "నా తుంటి అటూ ఇటూ ఊగుతోందా?" అని. ఊగుతుంటే అనుమానమే లేదు, దించు.

మనవాళ్లలో నూటికి తొంభైమంది సీటు కిందికే పెట్టుకుంటారని నా గమనింపు. కారణం తెలుసు. కూర్చున్నచోటునుంచే కాలు నేలకి ఆనాలి. మద్దిలపాలెం జంక్షన్లో ఆగాల్సి వస్తే భయం. రోడ్ బైకు మీద ఆ ఆశ వదులుకోవాలి. ఆగేటప్పుడు సీటు మీదనుంచి ముందుకి దిగి, గొట్టానికి చెరోవైపు కాళ్లతో నించోవాలి. ఖాళీ మైదానంలో ఒక సాయంత్రం ఎక్కడం, దిగడం సాధన చేస్తే ఈ భయం పోతుంది. మోకాళ్లకి ఇంతకన్నా మేలు చేసే సాయంత్రం ఉండదు.

ఎత్తు కుదిరాక ముందుకా వెనక్కా అన్న ప్రశ్న. పాతకాలపు పద్ధతి దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీయడం. పెడల్ కాడలు నేలకి సమాంతరంగా పెట్టి, ముందున్న మోకాలి చిప్ప కిందనుంచి దారం వదిలితే అది పెడలు ఇరుసు మీదుగా పోవాలంటారు. మొదలుపెట్టడానికి ఇది బాగానే పనికొస్తుంది. కానీ ఇదేదో ప్రకృతి నియమం అనుకోకు. సైకిళ్లు తయారుచేసే కీత్ బాంట్రాగర్ దీన్ని గట్టిగా ప్రశ్నించాడు. వెల్లకిలా పడుకుని తొక్కే సైకిళ్లున్నాయి, వాటిలో మోకాలు పెడలు మీదికి రానే రాదు, అయినా కాళ్లు సుబ్బరంగా పనిచేస్తాయి. పెడలుని నెట్టే కండరానికి గురుత్వాకర్షణ దిక్కుతో పనిలేదు. సీటు ముందువెనకలు అసలు తేల్చేది బరువు పంపకాన్ని. సీటు వెనక్కి జరిగితే చేతుల మీద భారం తగ్గుతుంది. మా వాడి విషయంలో జరిగింది ఇదే. సీటు ముందుకి ఉంది, మూతి కిందికి వాలి ఉంది. కూర్చున్నవాడు జారిపోతూ చేతులతో తనని తాను వెనక్కి నెట్టుకుంటూ తొక్కుతున్నాడు. నడుం నొప్పి అక్కణ్నుంచి వచ్చింది. ఇంటి పక్కన కడుతున్న మేడ దగ్గర తాపీ మేస్త్రిని రసమట్టం అడిగి తెచ్చి సీటు మీద పెట్టి చూశాం. మట్టం చేసి, కాస్త వెనక్కి జరిపాం. తరవాతి ఆదివారం నడుం సంగతి వాడు ఎత్తలేదు.

సీటు అనగానే చాలామంది మెత్తగా ఉండాలంటారు, పైన జెల్ కవరు తొడుగుతారు. అరగంటకైతే సుఖమే. గంట దాటాక ఎదురు తిరుగుతుంది. మనం కూర్చునేది కటి కింద ఉన్న రెండు ఎముకల మీద. సీటు మరీ మెత్తగా ఉంటే ఆ రెండు ఎముకలూ దిగబడి, మధ్యలో ఉన్న మెత్తదనం పైకి ఉబ్బి, సరిగ్గా నరాలూ రక్తనాళాలూ ఉన్నచోట ఒత్తుతుంది. తిమ్మిరి వచ్చేది అందుకే. కావలసింది మెత్తదనం కాదు, ఎముకలు రెండూ ఆనేంత వెడల్పు.

ఆ వెడల్పు ఇంట్లోనే కొలవొచ్చు. పార్సిలు వచ్చిన అట్టపెట్టె, లోపల గాళ్లున్న అట్ట, ఒక ముక్క కోసి గట్టి స్టూలు మీద పెట్టు. పల్చటి నిక్కరుతో దాని మీద కూర్చుని, సైకిలు మీద వంగినట్టే వంగి, మడమలు కాస్త ఎత్తు. నిమిషం తరవాత లేచి, అట్టని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చూడు. రెండు గుంటలు కనిపిస్తాయి. వేలితో తడిమితే ఇంకా బాగా తెలుస్తాయి. నడిమధ్యల్లో చుక్కలు పెట్టి దూరం కొలువు. దానికి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూగా కలిపితే నీ సీటు వెడల్పు. ఆడవాళ్లలో ఈ దూరం సాధారణంగా ఎక్కువ ఉంటుంది. మగవాళ్ల కొలతకి చేసిన సన్న సీటు మీద ఆడపిల్ల ఇబ్బంది పడుతుంటే అది ఆమె ఓర్పు తక్కువై కాదు, సీటు తక్కువై. ఈ మాట దుకాణాలవాళ్లు ఇంకా గట్టిగా వినాలి.

చేతుల సంగతి. ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కితే మణికట్టు దగ్గర, చిటికెన వేలి వైపు అరచేతి మడమలోంచి పోయే అల్నార్ నరం హ్యాండిలుకీ ఎముకకీ మధ్య నలుగుతోందన్నమాట. గ్లవుజులు కొంత ఆదుకుంటాయి గానీ మూలం వేరేచోట ఉంటుంది. సీటు మూతి వాలిందా, హ్యాండిలు మరీ కిందికి ఉందా, మరీ దూరంగా ఉందా చూడాలి. హ్యాండిలుని ఫ్రేముకి కలిపే స్టెమ్ అనే ముక్క పొట్టిది వేస్తే హ్యాండిలు దగ్గరికొస్తుంది. ఖర్చూ తక్కువే. మోచేతులు ఎప్పుడూ కొంచెం మడిచి ఉంచు. బిర్రబిగిసిన చేతుల్లోంచి రోడ్డు అదురంతా నేరుగా మెడకి పోతుంది. పది నిమిషాలకోసారి పట్టు మార్చు, ఆ వంపు హ్యాండిలు పెట్టిందే అందుకు.

ఇంక మన ఊరివాళ్లకే ప్రత్యేకంగా చెప్పాల్సిందొకటుంది. బయట దొరికే సలహాలన్నీ సీటు రాడ్డు కదులుతుందన్న నమ్మకం మీద రాసినవి. విశాఖలో అది కదలకపోవచ్చు. ఇక్కడ గాలిలో ఉప్పు, పైనుంచి ఒంటి చెమట ఉప్పు, ఏడాది పొడుగునా తేమ. ఉక్కు ఫ్రేములో అల్యూమినియం సీటు రాడ్డు ఉందనుకో. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పునీళ్లు. అంతే, చిన్న బ్యాటరీ తయారైంది. ఆ రెండిట్లో చురుకైనది అల్యూమినియం, కాబట్టి అదే కరుగుతుంది. తుప్పుగా మారిన అల్యూమినియం అసలు లోహంకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి గొట్టంలో బిగుసుకుపోతుంది. కార్బన్ ఫ్రేములో అల్యూమినియం రాడ్డు ఉన్నా ఇదే గొడవ, కార్బనుకీ అల్యూమినియానికీ ఇంకా పడదు.

ఇదే రసాయనం మన షిప్‌యార్డులో రోజూ చూసేది. ఓడ అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. ఉక్కుకన్నా ముందు జింకు కరిగిపోయి ఓడని కాపాడుతుంది. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకాదళం ఓడల రాగి తొడుగుకి ఇలాంటి రక్షణే చెప్పాడు. సైకిలుకి జింకు దిమ్మ అక్కర్లేదు, గ్రీజు చాలు. మూడునాలుగు నెలలకోసారి రాడ్డు పైకి లాగి, గుడ్డతో తుడిచి, పల్చగా గ్రీజు రాసి మళ్లీ దించు. కార్బను అయితే గ్రీజు వద్దు, దానికని వేరే పేస్టు అమ్ముతారు. లాగేముందు గొట్టం అంచు దగ్గర రాడ్డు చుట్టూ టేపు ముక్క అంటించు, పాత ఎత్తు పోకుండా ఉంటుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బూటుని పెడలుకి బిగించే క్లీట్లు వాడేవాళ్లు పాదం సహజంగా ఎటు తిరిగి ఉంటుందో అటే ఉండనివ్వాలి, బలవంతాన తిన్నగా పెడితే మోకాలు మెలిపడుతుంది. టైర్లలో గాలి రాయిలా కొట్టించుకోవడం పాత నమ్మకం. మన స్పీడు బ్రేకర్లకీ, అతుకుల రోడ్లకీ 28 మిల్లీమీటర్ల టైరు, 70 కిలోల మనిషికి 70 పీఎస్‌ఐ చుట్టుపక్కల సరిపోతుంది. మరీ బిగిస్తే ప్రతి గతుకుకీ సైకిలూ మనిషీ ఎగిరిపడి ఆ శక్తంతా వృథా పోతుంది. లోపల మెత్త ఉన్న సైక్లింగు నిక్కరు వేసుకుంటే దాని కింద ఇంకేమీ వేసుకోకూడదు. ఇక్కడి ఉక్కలో చెమట ఆరదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి.

అన్నీ కుదిరాక ఒక పని మర్చిపోకు. దర్జీకి కొత్త చొక్కా ఇచ్చేటప్పుడు మనకి నప్పిన పాత చొక్కా ఆదిగా ఇస్తాం కదా, అలాగే నీకు నప్పిన సైకిలు కొలతలు ఆదిగా దాచుకోవాలి. సీటు ఎత్తు, సీటు మూతి నుంచి హ్యాండిలు దాకా దూరం, సీటుకీ హ్యాండిలుకీ మధ్య ఎత్తుల తేడా, స్టెమ్ పొడుగు, పెడల్ కాడ పొడుగు. ఒక చీటీ మీద రాసి తారీఖు వేసి పెట్టు. రేపు సైకిలు మార్చినా, రైల్లో వేసేందుకు విప్పినా, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కుదామని ఎవరిదైనా అద్దెకి తీసుకున్నా ఆ చీటీ ఉంటే పావుగంటలో అది నీ సైకిలైపోతుంది. మార్పులు చేసేటప్పుడు మాత్రం ఒక్కోసారి ఒక్కటే చెయ్. సీటు, హ్యాండిలు, క్లీట్లు ఒకేరోజు కదిపితే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా తిమ్మిరి సైకిలు దిగిన మర్నాటికి తగ్గకపోతే, మోకాలు వాచితే, కొలతలు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. పానా అక్కడికి పనికిరాదు.

చదువుతున్న తల్లిదండ్రులకి ఒక విన్నపం. మీరు రోడ్ బైకు కొనకపోవచ్చు, కానీ మీ ఇంట్లో పిల్లల సైకిలుంది. పిల్లలు ఏటా అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు, సీటు మాత్రం కొన్ననాటి ఎత్తులోనే ఉంటుంది. ఈ ఆదివారం పిల్లాణ్ని ఎక్కించి, మడమ పెడలు మీద పెట్టించి చూడండి. మోకాలు ఇంకా మడిచే ఉంటే సీటు పైకి లేపండి. లేపేటప్పుడు రాడ్డు మీద కంపెనీ వేసిన గీత గొట్టం బయటికి రానివ్వకండి. అది బయటపడేంత ఎత్తు కావాల్సి వస్తే పొడుగు రాడ్డు వేయించండి, లేదా ఆ సైకిలు చిన్నవాళ్లకిచ్చి పెద్దది కొనండి.